చిరునామా లేనివాడు పౌరుడు కాడా?

ఏటా చలికాలంలో మా శ్రీరాంపూర్ యువకులు కొందరు దుప్పట్లు సేకరించి, మంచిర్యాల రైల్వే స్టేషను పరిసరాలలో ఆరుబయట నిద్రించే వారికి పంచుతుంటారు. ఉద్యోగ విరమణ అనంతరం నేనూ వారితో వెళ్తున్నాను. ఒకసారి ఒక వృద్ధుడు నా చేతిలోని దుప్పటిని అందుకుంటూ, “సాబ్, పోయినేడు గూడ మీరే ఇచ్చిండ్రు” అన్నాడు. ఆయన కృతజ్ఞతతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట అభియోగంలా వినిపించింది. ఏడాది గడిచినా ఆయన అదే అరుగు మీద ఉన్నాడంటే, మనం చేసింది ఆయన చలికి ఉపశమనమే గాని ఆయన స్థితికి పరిష్కారం కాదు.

మాది బొగ్గుగనుల ప్రాంతం. గనిలో ఉద్యోగం ఉన్నంతకాలమే కంపెనీ క్వార్టరు. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు నలభై వేల దరిదాపులకు తగ్గింది. కాంట్రాక్టు కూలీకి క్వార్టరు భరోసా కూడా లేదు. పని పోవడం, వ్యాధి సోకడం, కుటుంబం తెగిపోవడం, ఈ మూడూ ఒక్కసారిగా సంభవిస్తే మనిషి వీధిన పడడానికి ఎంతో కాలం పట్టదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. వారిలో 9.38 లక్షల మంది పట్టణవాసులు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ గుమస్తాగా పనిచేశాను. ‘ఇంటి నంబరు’ గడి ఖాళీగా ఉన్న దరఖాస్తులను ఎన్నో వెనక్కి పంపాను. నిబంధన అదేనని మనస్సుకు నచ్చజెప్పుకున్నాను. ఇల్లు లేదని సహాయం కోరిన మనిషిని, ఇల్లు లేదన్న కారణంతోనే తిప్పిపంపామన్న విషయం అప్పట్లో నాకు తట్టలేదు.

ఇది తప్పనిసరి కాదనడానికి మన ఎన్నికల సంఘమే నిదర్శనం. ఇల్లు లేని పౌరుడు ఓటరుగా నమోదు కోరితే, బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి, అతడు తాను చెప్పిన చోటనే నిద్రిస్తున్నాడని నిర్ధారించుకుని పేరు చేర్చాలన్నది నియమం. ఓటు కోసం అరుగును చిరునామాగా అంగీకరించగలిగిన ప్రభుత్వం, రేషను కార్డుకూ, పింఛనుకూ, కుల ధ్రువపత్రానికీ ఎందుకు అంగీకరించరాదు? ఈ ప్రశ్న మన సముదాయానికి మరింత ముఖ్యం. 2007లో బి.సి.-ఇ జాబితాలో చేర్చబడిన ఫకీర్లు, గారడి ముస్లిములు తరతరాలుగా ఊరూరా తిరిగి జీవించినవారు. స్థిరనివాసపు కాగితం లేనివారికి జాబితాలో పేరున్నా ఫలితం చేతికందదు.

గృహ పథకాలలోనూ ఇదే చిక్కు. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో సొంత స్థలం ఉన్నవారికి అయిదు లక్షల సహాయం లభించింది. వారూ పేదలే, సందేహం లేదు. అయితే గజం జాగా కూడా లేనివాడు వరుసలో చివరన నిలిచాడు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, అన్ని కాలాల్లో పనిచేసే ఆశ్రయాలు నగరాల్లో ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. మతిస్థిమితం తప్పి తిరిగేవారిని సంరక్షణలోకి తీసుకుని వైద్యానికి చేర్చడం పోలీసుల బాధ్యత అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. అదే ఏడాది హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సుకు ముందు యాచకులను వీధుల నుండి తొలగించి జైళ్ల ఆవరణలలోని ఆశ్రమాలకు తరలించారు. కంటికి కనబడకుండా చేయడం పునరావాసం కాజాలదు.

“ఇల్లిస్తే సోమరులవుతారు, ముందు వ్యసనం మానాలి, పని చేయాలి” అనేవారున్నారు. ఫిన్లాండు 2008 నుండి ఈ వరుసను తిరగవేసింది. దీర్ఘకాల నిరాశ్రయులకు మొదట అద్దె ఒప్పందంతో గది, ఆ తరువాత చికిత్స, ఉపాధి. రాత్రి వసతిగృహాలను విడి నివాసాలుగా మార్చింది. దీర్ఘకాల నిరాశ్రయుల సంఖ్య అక్కడ గణనీయంగా తగ్గింది. అది సంపన్న దేశమే. అయినా, తలుపు వేసుకుని నిద్రించగలిగినవాడే మందు వేళకు వేసుకోగలడన్న సత్యానికి సంపదతో పనిలేదు.

మనకు ఇది పరాయి ఆలోచన కాదు. మదీనాలో ప్రవక్త (స) మస్జిదును ఆనుకుని ఇల్లు లేని సహచరుల కోసం ‘సుఫ్ఫా’ అనే నీడ ఉండేది. అక్కడ ఆశ్రయం పొందినవారిలో హజ్రత్ అబూహురైరా (ర) ఒకరు. వారు చదువు నేర్చారు, సమాజానికి నేర్పారు. రంజాన్‌లో మనం విడివిడిగా పంచే జకాత్ సొమ్ములో కొంత ఒకచోట చేర్చి, అర్హుడైన ఒక్క మనిషికైనా ఏడాదిపాటు గది అద్దె చెల్లించలేమా? సదఖాకు మతభేదం లేదు గనుక, ఆ నిధితో ఏ మతస్థుడికైనా నీడ కల్పించవచ్చు.

దాతృత్వం ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. పట్టణంలో రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఆశ్రయం, ఆ ఆశ్రయాన్నే చిరునామాగా గుర్తించే ఉత్తర్వు, స్థలం లేనివారికి గృహ పథకంలో ప్రత్యేక వాటా, ఈ మూడింటికై ప్రతి జమాఅత్, ప్రతి కార్మిక సంఘం వినతిపత్రం సమర్పించాలి. దరఖాస్తు నింపడానికి నావంటి విశ్రాంత గుమస్తాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వచ్చే చలికాలం ఆ వృద్ధుడికి దుప్పటి అవసరమే కావచ్చు. దానిని ఆయన గది తలుపు తట్టి ఇవ్వాలన్నదే నా కోరిక.