తాళం వేసినా పలికిన డయల్

ఎస్టీడీ బిల్లుకి భయపడి ఫోన్ డయల్‌కి బుల్లి తాళం వేసిన రోజులు గుర్తున్నాయా? నాన్నగారు తాళంచెవి జేబులో వేసుకుని ఆఫీసుకి వెళ్లేవారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఇంట్లో ఎవరో ఒక ఘనుడు, రిసీవర్ పెట్టేచోట ఉండే మీటని టకటకా నొక్కి నంబరు కలిపేసేవాడు. మూడు కావాలంటే మూడుసార్లు, సున్నాకి పదిసార్లు. తాళం తాళమే, ఫోన్ ఫోనే!

అందులో గారడీ ఏమీ లేదు. డయల్ చేసే పనీ అదే. తిప్పి వదిలితే, వెనక్కి వచ్చేటప్పుడు లైన్లో కరెంటుని ఆ అంకె ఎంతో అన్నిసార్లు తెంపుతుంది, సెకనుకి పదిసార్ల చొప్పున. మనం ఎంత విసురుగా తిప్పినా ఒక్కటే. వెనక్కి వచ్చే వేగం లోపలి స్ప్రింగుదీ, దాన్ని అదుపు చేసే గవర్నరుదీ.

మరి ఆ తెంపుల్ని అవతల లెక్కపెట్టేదెవరు? ఆ యంత్రాన్ని కనిపెట్టింది ఏ పెద్ద ఇంజినీరో కాదు. అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వ్యాపారి అల్మన్ స్ట్రోజర్. తనకి రావలసిన ఫోన్లని ఆపరేటరమ్మ పోటీ వ్యాపారికి కలిపేస్తోందని ఆయన అనుమానం. ఆమె ఆ పోటీదారు భార్యేనని కూడా చెబుతారు. కథ మాటెలా ఉన్నా, ఆపరేటరే అక్కర్లేని యంత్రానికి ఆయనకి 1891లో పేటెంటు వచ్చింది. మరుసటి ఏడే ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటి ఎక్స్ఛేంజీ మొదలైంది.

దాని పనితనం చూడాలి. నిలువుగా ఒక ఇనుప కడ్డీ. దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో పది వరసలు, వరసకి పది కాంటాక్టులు. నంబరులో చివరి రెండంకెలు 63 అనుకోండి. ఆరుకి కడ్డీ ఆరు మెట్లు ఎక్కుతుంది, మూడుకి మూడు అడుగులు పక్కకి తిరుగుతుంది. వందమందిలో మీ బాబాయిగారి ఫోన్ దొరికిపోయింది! అంతకు ముందు అంకెల దగ్గరైతే ఇంకో తమాషా. అంకె ప్రకారం పైకెక్కి, ఆ వరసలో ఖాళీగా ఉన్న దారిని తానే వెతుక్కుంటుంది. ఎంతలోపు? మీరు తర్వాతి అంకె తిప్పడానికి వేలు పెట్టేలోపు. మనిషి వేలికి పట్టే ఆ కాస్త వ్యవధి మీదే యంత్రం నడిచిందన్నమాట.

మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ 1913-14లో సిమ్లాలో వచ్చింది. 1948లో బెంగళూరులో మొదలైన ఐటీఐ ఈ స్ట్రోజర్ పరికరాల్ని తయారు చేసింది. 1984లో సీ-డాట్ పుట్టాక ఊరూరా ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. బ్రిటన్‌లో చివరి స్ట్రోజర్ ఎక్స్ఛేంజీ 1995లో మూతపడింది. ఆగిన పరికరాల్లో చాలావాటికి తుక్కు దుకాణమే దారి. రాగికి ధర పలుకుతుంది కదా!

అలా పోకుండా కొన్నిటిని ఇంటికి తెచ్చుకున్నవాళ్లున్నారు. నల్ల ఫోన్ కొని షోకేసులో పెట్టేవాళ్ల సంగతి కాదు నేను చెప్పేది. (పాత ఫోన్‌లా కనిపిస్తూ డయల్ కన్నాల్లో బటన్లుండే నకిలీలు కూడా అమ్ముతున్నారు. వాటి గురించి మాట్లాడకపోవడమే మంచిది.) వీళ్లకి కావలసింది ఎక్స్ఛేంజీ యంత్రమే. అదీ నడవాలి. అమెరికాలో కొందరైతే తమ ఇళ్లలోని పాత ఎక్స్ఛేంజీల్ని ఇంటర్నెట్ ద్వారా ఒకదానికొకటి కలుపుకుని, డయల్ తిప్పి ఫోన్లు చేసుకుంటున్నారు.

బాగుచేయడం మాత్రం ఓర్పుకి పరీక్షే. ముందు శత్రువు దుమ్ము. తర్వాత గడ్డకట్టిన పాత గ్రీజు. రిలేల్లో కాంటాక్టులు నల్లబడితే గరుకు కాగితంతో రుద్దేయాలనిపిస్తుంది. రుద్దితే ఆ పైనున్న విలువైన లోహపు చుక్క కాస్తా అరిగిపోతుంది. సన్నటి నున్నని రేకుతో సుతారంగా తుడవాలి. స్ప్రింగు బిగువు గ్రాముల్లో కొలవాలి. ఒక్కటి వదులైతే చాలు, ఆరుకి అయిదే మెట్లు ఎక్కి, మీ ఫోన్ ఎవరింటికో వెళుతుంది. కొత్తగా కొందామంటే విడిభాగాలు తయారుచేసేవాళ్లు లేరు. ఒకదాన్ని బతికించాలంటే ఇంకోదాన్ని విప్పుకోవాలి.

సియాటిల్‌లో కనెక్షన్స్ మ్యూజియం అని ఒకటుంది. స్ట్రోజర్‌ది కాక, ప్యానెల్ అనే మరో పద్ధతి ఎక్స్ఛేంజీ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. 1923 నాటిది. మోటార్లతో ఆగకుండా తిరిగే కార్కు రోలర్లు, వాటిని ఆనుకుని సర్రున పైకి పాకే పొడవాటి కడ్డీలు. నడిచే స్థితిలో ప్రపంచంలో మిగిలిన ప్యానెల్ ఎక్స్ఛేంజీ అదొక్కటే. దాన్ని నిలబెట్టింది జీతం లేకుండా పనిచేసే మనుషులు. ఫోన్ కంపెనీల్లో రిటైరైన పెద్దలు నేర్పితే, జీవితంలో డయల్ తిప్పి ఎరగని కుర్రాళ్లు నేర్చుకున్నారు. డ్రాయింగులూ మాన్యువళ్లూ ఉన్నాయి. కానీ గదిలో వందల టకటకల మధ్య ఒక్క తప్పు టక్‌ని పట్టుకునే చెవి ఏ మాన్యువల్లో దొరుకుతుంది? పెద్దలుండగానే పక్కన నిలబడి వినాలి.

మన దగ్గరా ఆ చెవి ఉన్నవాళ్లున్నారు. టెలిఫోన్స్‌లో చేసి రిటైరైన మీ మావయ్యగారినో, పక్కింటి తాతగారినో ఓసారి స్ట్రోజర్ గురించి కదిపి చూడండి. ఆ సాయంత్రం ఇంకో పని పెట్టుకోవద్దు.

మీ ఇంట్లో అటక మీద నల్ల ఫోన్ ఉంటే దించి, దుమ్ము దులిపి, సున్నా దాకా తిప్పి వదలండి. కాస్త అటూఇటూగా ఒక్క సెకనులో గిర్రున వెనక్కి రావాలి. ఈడుస్తూ వచ్చిందా, లోపల గ్రీజు గడ్డకట్టినట్టే. వేలితో మాత్రం తోయకండి, గవర్నరు పాడవుతుంది.