పేషెంటు తాలూకు ఎవరు?

భావనపాడులో నాకు వరసకి వదినయ్యే ఆమె ఇంట్లో, గోడ మేకుకి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. నిండా రక్తపరీక్షల కాగితాలు, ఓపీ చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు. అన్నకి కిడ్నీలు పోయాయి. కొడుకు గుజరాత్‌లో వేరావల్ పడవల మీద ఉన్నాడు. వారానికి మూడుసార్లు, తెల్లారకముందే ఆ కవరు చంకన పెట్టుకుని అన్నని ఆటో ఎక్కించేది వదినే. డయాలసిస్ మిషన్ మీద నాలుగు గంటలు. రానూపోనూ, వంతు కోసం కాపలాతో కలిపి రోజంతా. ఆ రోజు కూలి పోయినట్టే.

మిగతా రోజులు తీరికా? ఆయన తాగే నీళ్లు గ్లాసుతో కొలిచి పొయ్యాలి. పక్కనే నౌపడా ఉప్పుమడులు, ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఊరు. ఆయనకి మాత్రం ఉప్పు తగ్గించి వేరే వండాలి. రాత్రి ఆయాసం వస్తే పొద్దుటిదాకా ఆగొచ్చో లేదో ఆమే తేల్చుకోవాలి.

నగరంలో పెద్ద డాక్టరు మందు మార్చాడు. డయాలసిస్ చేసేచోట "ఎందుకు మార్చారు?" అని అడిగారు. ఎవరిని? చదువురాని మా వదినని! ఆమె కవరు అందించింది. "ఇవన్నీ ఎవరు చూస్తారమ్మా" అని విసుక్కున్నారు. మరి చూడాల్సింది ఎవరయ్యా?

సర్కారు ఏమీ చెయ్యలేదనను. డయాలసిస్ రోగికి నెలకి 10,000 పింఛను ఉంది. కిడ్నీ జబ్బులతో ఉద్దానం ప్రాంతం ఏళ్లతరబడి ఏడ్చాక 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. సంతోషం. కానీ రోగిని అక్కడిదాకా మోసే మనిషి ఏ లెక్కలో ఉంది? కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద, మంచాన పడ్డవాళ్లని చూసుకునేవాళ్లకి నెలకి 600 పెట్టారు. తక్కువే, అయినా ఆ మనిషి ఉందని ఒప్పుకున్నారు. మన ఆస్పత్రుల్లో ఆమెకి పేరైనా లేదు. "పేషెంటు తాలూకు ఎవరు?" అన్న కేక ఒక్కటే.

ప్రతి డయాలసిస్ కేంద్రంలో ఒక నర్సుకి, రోగి వెంట వచ్చే మనిషికి సాయపడే పనే అప్పగించండి. మందు మారితే రెండుచోట్లకీ ఆమె కబురు చెయ్యాలి. దూరపు ఊళ్లవాళ్లకి బస్సు వేళకి కుదిరే వంతు ఇప్పించాలి. రాత్రి చేస్తే ఎత్తే ఫోన్ నంబరు ఒకటుండాలి.

"నాకేటైనా అయితే ఈ మనిషినెవులు సూస్తారు బాబూ?" అంటుంది వదిన.

కిందటి నెల ఆమెకి జ్వరమొచ్చి రెండు రోజులు లేవలేదు. అన్నకి ఒక డయాలసిస్ తప్పిపోయింది. ఎందుకు రాలేదని ఎవరూ ఫోన్ చెయ్యలేదు.