మత్తడి ఏదిరా?

మూడు వారాలు రాత్రిళ్లు కూర్చొని మా సిద్దిపేట కోమటి చెరువును బ్లెండర్‌లో చేశా. కట్ట, సస్పెన్షన్ బ్రిడ్జి, దూరంగా తాటిచెట్లు, పొద్దుటి ఎండ. ఒక్క ఫ్రేమ్ రెండర్ కావడానికే ల్యాప్‌టాప్ నాలుగు గంటలు మూలిగింది. ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే అన్నీ మంట ఎమోజీలే. 'కేక బ్రో!' అన్నారు. సంతోషమే. కానీ దాంతో ఏం సరిచేసుకోవాలి?

ఆదివారం ఇంటికెళ్లి తాతకు చూపించా. అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఏ ఊరి చెరువురా ఇది?"

ప్రాణం ఉసూరుమంది. "మనదే తాతా."

"బ్రిడ్జి పెట్టినవ్, మత్తడి ఏదిరా? నిండితే నీళ్లు ఎటు పోవాలె? గీ తాళ్లన్నీ కవల పిల్లల్లెక్క ఉన్నయేంది? నీళ్లు గింత నీలంగ ఎన్నడన్న జూసినవా?"

నిజమే. ఒక్క చెట్టు చేసి నలభైసార్లు కాపీ కొట్టా. ఎత్తు, వంపు మార్చలేదు. ఇక నీళ్లంటారా, దూరం నుంచి వాలుగా చూస్తే ఆకాశం అద్దంలా కనిపిస్తుంది, కాళ్ల దగ్గరైతే లోపలి మట్టి రంగు. నేనేమో అంతటా నీలం పూసేశా. ఇది కాపు రాజయ్య ఊరు మరి! బోనాలు, బతుకమ్మలు ఆయన బొమ్మల్లో చూసినోళ్లు 'కేక' అని ఊరుకుంటారా?

ఇప్పుడు 'ఎలా ఉంది?' అని ఎవర్నీ అడగట్లేదు. 'ఎక్కడ తేడా కొడుతోంది?' అంటున్నా. మీరూ అడిగి చూడండి, జవాబులే మారిపోతాయి.

నిన్న మత్తడి పెట్టి మళ్లీ పంపా. తాత ఫోన్ చేశాడు.

"ఆఁ, ఇప్పుడు మన చెరువే. గని, తాళ్లకు లొట్లేవి బిడ్డా?"