నిలదీసే వాణ్నీ నిలదీయాలి

1984 డిసెంబర్. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఈ కుస్తీలన్నీ బూటకమే కదా అని ఏబీసీ టీవీ విలేకరి జాన్ స్టాసెల్ అడిగినందుకు మల్లయోధుడు డేవిడ్ షుల్జ్ ఆయన రెండు చెవులూ వాయించాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి కుస్తీ సంస్థ 4.25 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది.

నత్తితో పోరాడుతూనే టీవీలో నిలదొక్కుకున్న స్టాసెల్‌కు అడగడమే వృత్తి. 1981లో ఏబీసీలో చేరేనాటికి ఆయన వినియోగదారుల విలేకరి. నాసిరకం సరుకులు, మోసపు ప్రకటనల గుట్టు రట్టు చేసి పేరు తెచ్చుకున్నారు. ఖాతాలో 19 ఎమ్మీ అవార్డులున్నాయి. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆయన అనుమానం వ్యాపారుల మీంచి ప్రభుత్వం మీదికి మళ్లింది. నిబంధనలు మోసగాళ్లను ఆపలేవని, నిజాయితీపరులకే గుదిబండలవుతాయని, పోటీయే అసలైన కాపలాదారని ఆయన నమ్మకం. సర్కారు జోక్యం ఎంత తగ్గితే అంత మేలనే లిబర్టేరియన్‌గా మారారు. 1999లో ఓ ప్రత్యేక కార్యక్రమం కోసం హాంకాంగ్‌లో ఒక్క రోజులో వ్యాపారానికి అనుమతి సంపాదించి, కలకత్తాలోని ఫైళ్ల జాప్యాన్ని పక్కన పెట్టి చూపారు. లైసెన్స్ రాజ్‌ను అనుభవించిన భారతీయులు ఆ పోలికను తేలిగ్గా కొట్టిపారేయలేరు.

చిక్కల్లా మరుసటి ఏడాదే వచ్చింది. సేంద్రియ కూరగాయలపై 2000 ఫిబ్రవరిలో ప్రసారమైన కథనంలో ఆయన పురుగుమందుల అవశేషాల పరీక్షలను ఉటంకించారు. అసలు కూరగాయలపై అలాంటి పరీక్షలే జరగలేదు. పరిశోధకులను ఆరా తీసి ఆ సంగతి బయటపెట్టింది ఓ పర్యావరణ సంస్థ. అయినా జులైలో కథనం మళ్లీ ప్రసారమైంది. ఆగస్టులో స్టాసెల్ తెరపైనే క్షమాపణ చెప్పారు. ఏబీసీ ఆయన్ను మందలించి, నిర్మాతను సస్పెండ్ చేసింది.

ఆయనలో దాపరికం లేదనీ చెప్పాలి. సముద్రపుటొడ్డున కట్టుకున్న తన ఇల్లు కొట్టుకుపోతే ప్రభుత్వ వరద బీమా పరిహారం ఇచ్చిందని, ఆ భారం పన్ను చెల్లింపుదారులదేనని 2004లో తానే రాశారు. తను తిట్టే సబ్సిడీకి తననే ఉదాహరణగా చూపారు.

2009లో ఏబీసీని వీడి, 2016 వరకు ఫాక్స్ బిజినెస్‌లో సొంత కార్యక్రమం నడిపారు. 2019 నుంచి ఇంటర్నెట్‌లో సొంత వీడియోలు మొదలుపెట్టారు. వాతావరణ మార్పుపై తన వీడియోలకు నిజనిర్ధారణ హెచ్చరికలు తగిలించారంటూ 2021లో ఫేస్‌బుక్‌పై పరువునష్టం దావా వేశారు. 2022లో కోర్టు దాన్ని కొట్టేసింది.

సేంద్రియ కథనంలో తప్పును పట్టుకున్నది సర్కారూ కాదు, మార్కెట్ పోటీ కూడా కాదు. ఆధారం చూపమని పట్టుబట్టినవారు, తప్పని తేలాక తలవంచక తప్పని సంస్థ కలిసి దాన్ని సరిదిద్దారు. సొంత కెమెరా, సొంత ఛానెల్ ఉన్నవారికి మందలించే పై అధికారి ఉండడు. అప్పుడు ఆ బాధ్యత ప్రేక్షకుడి మీదే పడుతుంది. వక్త ఎడమవైపు వాడైనా, కుడివైపు వాడైనా, మల్లయోధుణ్ని స్టాసెల్ అడిగిన ప్రశ్ననే అతన్నీ అడగాలి: ఇది నిజమేనా?