ఏనుగుమల్లమ్మ కొండకు రెండు చక్రాల మీద!

స్పెయిన్‌కు తూర్పున, మధ్యధరా సముద్రంలో మయోర్కా అని ఓ దీవి. అక్కడ సా కలోబ్రా అనే చిన్న రేవుకు కొండల మీంచి దిగే దారి ఒకటుంది. పొడవు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, మెలికలు 26. ఓ చోట రోడ్డు టై ముడి వేసినట్టు తన కింద నుంచి తనే దూరి వెళుతుంది. ఆంటోనియో పారియెట్టి అనే ఇంజినీరు 1932లో ఆ దారి వేయించాడు. యూరప్‌లో సైకిల్ పిచ్చి ఉన్నవాళ్లంతా జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక్కసారైనా అక్కడికి వెళ్లి తొక్కి వస్తారు.

తిరుపతి, చిత్తూరు వాళ్లు అంత దూరం వెళ్లక్కర్లేదు. మదనపల్లె దాటాక కాండ్లమడుగు క్రాస్ దగ్గర ఎడమో కుడో చూసుకుని మలుపు తిరిగితే చాలు... హార్స్‌లీ హిల్స్! కింద నుంచి పైకి ఘాట్ రోడ్డు దాదాపు 9 కిలోమీటర్లు. అంటే కొలతలో అదీ ఇదీ అన్నదమ్ములే. రెండూ అక్కడితో ఆగిపోయే దారులే, వెళ్లిన దారినే తిరిగి రావాలి. తేడా అల్లా ఒకటే. అక్కడ ముందు హాయిగా దిగి, తర్వాత ఏడుస్తూ ఎక్కాలి. ఇక్కడ కష్టం ముందు, సుఖం తర్వాత. ఆ సుఖంలోనూ ఓ మెలిక ఉంది. దాని సంగతి కాసేపాగి చూద్దాం.

కొండకు అసలు పేరు ఏనుగుమల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పసిపిల్లను ఏనుగులు సాకాయని స్థానికుల కథ. అమ్మవారి గుడి ఇప్పటికీ ఉంది. 1860ల్లో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండలకు తట్టుకోలేక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. దొర వేసవికి వచ్చిపోయాడు, పేరు మాత్రం కొండకు అతుక్కుపోయింది. ఆయన సైకిలెక్కి వచ్చి ఉండడు లెండి, గుర్రమో పల్లకీయో అయ్యుంటుంది.

తిరుపతి నుంచి బయల్దేరితే ప్రయాణమంతా మెట్లెక్కినట్టే ఉంటుంది. (నిజం మెట్లు కావాలంటే అలిపిరి దారిలో 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388 ఎలాగూ ఉన్నాయి.) చంద్రగిరి కోట, రంగంపేట దాటగానే భాకరాపేట ఘాట్. ఆపైన పీలేరు, వాయల్పాడు, మదనపల్లె. సముద్ర మట్టానికి 160 మీటర్ల చిల్లర ఎత్తులో ఉన్న తిరుపతిలో మొదలైనవాడు మదనపల్లె చేరేసరికి దాదాపు 700 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తాడు. గాలి మారిపోతుంది. టమోటా బండ్లు ఎదురవుతాయి. లారీలోంచి జారిన పండు చక్రం కింద పడితే అరటితొక్క కంటే మోసం! 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ ఊళ్లోనే ఉండి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేశాడన్న సంగతి ప్రతి మదనపల్లె పిల్లాడికీ తెలుసు. దూరం 120 కిలోమీటర్ల పైమాటే కాబట్టి కొత్తవాళ్లు ఇదంతా ఒక్క రోజులో తొక్కేద్దామనుకోకూడదు. సైకిల్‌ను కారు వెనకో బస్సు మీదో వేసుకుని మదనపల్లె దాకా వెళ్లి, మర్నాడు పొద్దున్నే కొండెక్కడం బుద్ధిమంతుల పద్ధతి.

కొండ నెత్తి ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె నుంచి లెక్కేస్తే 550 మీటర్లకు పైగా ఎక్కాలి. డెబ్బై కిలోల మనిషి, పదిహేను కిలోల సైకిలూ సామానూ... ఇంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికి ఒంట్లోంచి నాలుగైదు వందల కెలోరీలు ఖర్చవుతాయి. మన భాషలో చెప్పాలంటే ఓ పెద్ద రాగి సంగటి ముద్ద. పక్కన చెనిక్కాయల ఊరిబిండి వేసుకుంటే కిందికి దిగేదాకా ఢోకా లేదు. పొట్ట నిండా తిని వెంటనే ఎక్కేవాడు మాత్రం మూడో మలుపు దగ్గరే కూలబడతాడు.

గేర్లు లేని సైకిలైతే? దిగి నెట్టుకుంటూ వెళ్లడమే. అందులో సిగ్గేమీ లేదు. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో తొక్కుతూనే గేరు మార్చే పరికరాన్ని 1937 దాకా అనుమతించలేదు. అప్పటిదాకా అంతటి మొనగాళ్లూ కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కినవాళ్లే.

ఎండ మాట మరిచిపోకూడదు. ఫ్రాన్సులో మౌంట్ వెంటూ అని 1,900 మీటర్లు దాటిన బోడికొండ ఉంది. 1967 జులై 13న అదే టూర్ డి ఫ్రాన్స్‌లో టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ వీరుడు ఆ కొండ మీదే పడిపోయి చనిపోయాడు. వయసు 29. మండుటెండ, దానికి తోడు ఉత్సాహం కోసం మింగిన మాత్రలు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఎండ ఆ ఎండకు తీసిపోయేది కాదు. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు. కాబట్టి డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా పోవడం మేలు.

ఇక దిగుడు. ఇంట్లోవాళ్లు భయపడాల్సింది ఎక్కడానికి కాదు, దీనికే. గంటన్నర ఆయాసపడి సంపాదించిన శక్తంతా దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి కదా! బ్రేకులు పట్టుకుంటే అది వేడిగా మారి రిమ్ముల్లోకి వెళుతుంది. తొమ్మిది కిలోమీటర్లూ బ్రేకు వదలకుండా నొక్కిపట్టి దిగితే చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది. ఆరితేరినవాళ్లు అలా చేయరు. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గిస్తారు, మలుపులో వదిలేస్తారు. చూపు లోయ మీద కాదు, రోడ్డు ఎటు వెళుతోందో అటు. ముందు బ్రేకు ఒక్కటే గభాలున పట్టినవాడు హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. వానలో తడిసిన బ్రేకు రబ్బర్లకు పట్టు సగం కూడా ఉండదు. తాతల కాలం నాటి రాడ్డు బ్రేకుల సైకిల్‌తో ఘాట్ దిగడం తెలిసి తెలిసి చేసే తప్పు.

వేగం ఎంత చెడ్డదో భాకరాపేట ఘాట్‌కు బాగా తెలుసు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వస్తున్నవారి బస్సు రాత్రి పూట అక్కడే లోయలో పడింది. అంత పెద్ద బండికే దిక్కులేని చోట సైకిలెంత! రాత్రిళ్లు ఈ ఘాట్లలో తొక్కకూడదన్నది బేరానికి వీల్లేని నియమం. పలమనేరు, కుప్పం వైపు వెళ్లేవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. అది కౌండిన్య అభయారణ్యం. కథలో మల్లమ్మను సాకినవి కాదు, నిజం ఏనుగులు పొద్దువాలాక, తెల్లవారకముందు రోడ్డు దాటుతుంటాయి. ఎండ పొడ వచ్చాకే బయల్దేరాలి.

ఇన్ని జాగ్రత్తలు చెబితే నగరం నుంచి హెల్మెట్టూ కళ్లజోడూ పెట్టుకుని వచ్చేవాళ్లు శ్రద్ధగానే వింటారు. తెలిసీ కుదరనిది మరొకరికి. పీలేరు దారిలో, అంగళ్లు దగ్గర, ఏ ఉదయం ఎనిమిదిన్నరకు చూసినా యూనిఫాం వేసుకున్న ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు సైకిళ్ల మీద బడికి వెళుతుంటారు. గేర్లు లేవు. హెల్మెట్ లేదు. ఆ మధ్య ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్లు కొన్ని, అక్క నుంచి చెల్లెలికి వచ్చినవి కొన్ని. వెనక క్యారేజీకి పుస్తకాల సంచీ, హ్యాండిల్‌కు సద్ది గిన్నె. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ వాహనాల వేగం పెరుగుతుంది, తెల్ల గీతకు అవతల వాళ్లకు మిగిలేది మాత్రం కంకర తేలిన జానెడు మట్టి. విహారానికి వచ్చేవాళ్లు ఏడాదికి ఒకసారి తొక్కే దారిని వాళ్లు రోజుకు రెండుసార్లు తొక్కుతారు. వెనక లారీ హారన్ కొడితే ముందున్న పిల్ల తల తిప్పకుండానే ఎడమ చెయ్యి చాపుతుంది. వెనకున్న వాళ్లంతా మట్టిలోకి దిగి, బండి పోయాక మళ్లీ తారు మీదికి ఎక్కుతారు.