ఎవరి కొలత?

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ శిలాశిల్పాలకు ప్రసిద్ధి. శిల్పశాస్త్ర సంప్రదాయంలో ప్రతిమకు ముఖమే కొలమానం. ముఖం పొడవు ఒక తాళం. తాళానికి 12 అంగుళాలు. (ఈ అంగుళం నేటి స్కేలు మీది అంగుళం కాదు, ప్రతిమ పరిమాణాన్ని బట్టి మారుతుంది.) అయితే శాస్త్రం ఒకే కొలతను అన్ని రూపాలకూ విధించలేదు. విష్ణుమూర్తికి దశతాళం చెప్పిన సంప్రదాయమే గణపతికి పంచతాళం చెప్పింది. బొజ్జ గణపయ్యను సన్నని నడుముతో మలిస్తే అది శిల్పి చేసిన తప్పు. నల్లరాతి మూర్తిని చూసి దేవుడు రంగు తక్కువన్న భక్తుడు లేడు.

అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన, నంద్యాలలో చదువుకొనే విద్యార్థి చేతిలోని ఫోను మాత్రం ఒకే కొలతను చూపుతుంది. ఆడపిల్లకు తెల్లని మేను, సన్నని నడుము. మగపిల్లవానికి సిక్స్ ప్యాక్. నటునికి అటువంటి దేహం వృత్తిలో భాగం. దాని వెనుక శిక్షకుడు, ప్రత్యేకాహారం, నెలల వ్యవధి ఉంటాయి. జొన్నరొట్టె తిని ఉదయాన్నే పల్లెబస్సు ఎక్కే పిల్లవానికి అవేవీ లేవు. అద్దంలో లోటు మాత్రం కనిపిస్తుంది.

ఆ లోటే మరొకరికి వ్యాపారం. నల్లని పిల్లకు ఉద్యోగం రాదు, పెళ్లి కాదు. క్రీము పూసుకోగానే రెండూ వస్తాయి! ఈ కథనే మార్చిమార్చి చెప్పిన ప్రకటనలు ఎన్నో. రంగు కారణంగా మనిషిని తక్కువ చేసి చూపరాదని 2014లో భారత ప్రకటనల ప్రమాణాల మండలి ప్రత్యేకంగా నియమం చేయవలసి వచ్చింది. 1975లో విపణిలోకి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో పేరులోని ‘ఫెయిర్’ను ‘గ్లో’గా మార్చుకొన్నది. పేరు మార్చినంత సులభంగా మనసులో నాటుకొన్న న్యూనత తొలగదు.

పెళ్లిచూపుల్లో రంగు అడగడం టెలివిజన్ రాక ముందే ఉన్నదని కొందరంటారు. నిజమే. మేని నలుపు వల్ల ‘కృష్ణ’ అనే పేరు పొందిన ద్రౌపదికై రాజులు పోటీపడిన కథను చదువుకొన్న సమాజమే ఆ ప్రశ్నా అడిగింది. కాని చుట్టాల మాట ఏడాదికి ఒకటి రెండుసార్లు వినబడేది. ఫోను మాట గడియగడియకూ వినబడుతుంది.

మాధ్యమాల బలం ఎంతటిదో ఫిజీ దీవుల అనుభవం తెలుపుతుంది. బొద్దుతనాన్ని ఆరోగ్యచిహ్నంగా భావించిన అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. ఆ ఏడాది ఆన్ బెకర్ బృందం ప్రశ్నించిన విద్యార్థినులలో సన్నబడటానికి తిన్నది వాంతి చేసుకొన్నామన్నవారు ఒక్కరూ లేరు. 1998లో నూటికి 11 మంది అలా చెప్పారు.

మన కళాశాలల్లో ఇటువంటి లెక్కలు తీసేవారు తక్కువ. సమాధానం తెలిసీ లేచి నిలబడని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. గ్రూప్ ఫొటో తీసే రోజున రాని పిల్లలూ ఉంటారు. వారి సెలవు చీటీలలో జ్వరమని రాసి ఉంటుంది.