అజహర్ బ్యాట్‌కి సలాం, మరి కుర్సీ హిసాబ్?

ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు. ఇల్జాం మోస్తున్నవాడు ముల్జిమ్. అదాలత్‌లో జుర్మ్ సాబిత్ అయినవాడు ముజ్రిమ్. ఉర్దూ మీడియం స్కూల్లో ఈ రెండు మాటలు కలిపేసి రాసినందుకు మా మాస్టర్‌సాబ్ నా చెవి మెలిపెట్టారు. తెలుగు పత్రికలో నిందితుడు, దోషి అని రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆ నొప్పి గుర్తొస్తుంది. మొన్న సుల్తానాబాద్‌లో జుమా తర్వాత హోటల్లో జరిగిన బహస్‌లో ఆ రెండు మాటలూ మళ్లీ కలిసిపోయాయి. ఈసారి మెలిపెట్టాల్సిన చెవులు చాలా ఉన్నాయి, నావీ కలిపి.

బహస్ అజారుద్దీన్ గురించి. 2025 అక్టోబర్ 31న ఆయన తెలంగాణ మంత్రిగా హలఫ్ తీసుకున్నారు. తర్వాత మైనారిటీ సంక్షేమ శాఖ ఆయన చేతికొచ్చింది. "మనోడు వచ్చిండు, ఇగ చాలు" అన్నారొక పెద్దమనిషి. ఫోన్ చూసుకుంటున్న కుర్రాడొకడు తలెత్తి, "మరి హెచ్‌సీఏ కేసుల సంగతేంది చాచా?" అన్నాడు. నలుగురు ఒక్కసారే వాడి మీద పడ్డారు. అంతా సాజిష్ అట. మనవాడు కాబట్టే పెట్టారట. ఆ నలుగురే జూలైలో జగన్‌మోహన్ రావు అరెస్టయిన రోజు "చోర్, చోర్" అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. నవ్వాను కూడా.

ఆ జూలై ఖబర్ ఒకసారి నిదానంగా చూద్దాం. 2025 జూలై 9న తెలంగాణ సీఐడీ హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ సదర్‌ని, కుర్సీలో ఉండగానే, అరెస్టు చేసింది. ఆయనతోపాటు ట్రెజరర్‌నీ, సీఈఓనీ పట్టుకుపోయింది. 2023 అక్టోబర్‌లో ఆయన గెలిచింది ఒకే ఒక్క ఓటు తేడాతో, 63కి 62. గౌలిపురా క్లబ్బు శ్రీచక్ర క్లబ్బుగా మారినట్టు ఫోర్జరీ సంతకాలతో కాగితాలు పుట్టించి, ఆ క్లబ్బు పేరుతో ఎన్నికల్లోకి దిగారన్నది సీఐడీ ఇల్జాం. అసోసియేషన్ పైసల దుర్వినియోగం మరో ఇల్జాం. అంతకుముందు ఐపీఎల్ టికెట్ల కోసం సన్‌రైజర్స్ వాళ్లను ఒత్తిడి చేశారని, మ్యాచ్ ముందు ఒక బాక్సుకు తాళం వేశారని గొడవైంది. ప్రభుత్వం విజిలెన్స్ విచారణ పెట్టింది. సీఐడీకి వెళ్లిన ఫిర్యాదు తెలంగాణ క్రికెట్ అసోసియేషన్‌ది. జిల్లాల పిల్లలకు అన్యాయం జరుగుతోందని ఏళ్లుగా అరుస్తున్నది వాళ్లే. ఇన్ని చెప్పినా జగన్‌మోహన్ రావు ఇంకా ముల్జిమే.

ఇప్పుడు మనవాడి ఫైలు. అజహర్ 2019 సెప్టెంబర్‌లో హెచ్‌సీఏ సదర్ అయ్యారు. 2022 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా గ్రౌండ్ దగ్గర తొక్కిసలాట జరిగింది ఆయన హయాంలోనే. 2023 అక్టోబర్‌లో ఉప్పల్ పోలీసులు కేసులు పెట్టారు. బంతులు, జిమ్ సామాను, మంటలార్పే పరికరాలు, స్టేడియం కుర్చీల కొనుగోళ్లలో గోల్‌మాల్ జరిగిందని ఇల్జాం. ఆయనకు ముందస్తు జమానత్ దొరికింది. 2024 అక్టోబర్‌లో ఈడీ పిలిపించి గంటల తరబడి ప్రశ్నించింది. జనరేటర్లు, ఫైర్ సిస్టమ్, పైకప్పుల పేరిట 20 కోట్లు దారి తప్పాయన్న వ్యవహారమది. మూలం ఏసీబీ ఎఫ్ఐఆర్‌లు. ఇల్జాంలన్నీ ఝూటే అన్నారు అజహర్.

అనొచ్చు. ఆ మాట అనే హఖ్ ఆయనకుంది. ఆయన వైపు చెప్పాల్సినవీ ఉన్నాయి. ఉప్పల్ కేసులకు ఫిర్యాదు ఇచ్చిన సీఈఓనే రెండేళ్లు తిరక్కుండా జగన్‌మోహన్ రావుతోపాటు అరెస్టయ్యాడు. 2000లో బోర్డు వేసిన జీవితకాల నిషేధం చెల్లదని హైకోర్టు చెప్పేసరికి 2012 వచ్చింది. పన్నెండేళ్లు ఒక మనిషి ఇల్జాం మోస్తే ఎట్లుంటుందో మనందరం చూశాం. కాబట్టి ఆయన్ని ముజ్రిమ్ అనే హక్కు ఎవడికీ లేదు. కానీ బేగునా అని సర్టిఫికెట్ ఇచ్చే అదాలత్ మన చాయ్ హోటలా?

ఉప్పల్ ఎఫ్ఐఆర్‌ల మీద తహ్కీఖాత్ చేయాల్సింది తెలంగాణ పోలీసులు. వాళ్లు పనిచేసేది ఆయన మంత్రిగా కూర్చున్న హుకూమత్ కింద. ఏ ఎస్ఐ మంత్రిగారి ఫైలు తెరవడానికి ముందుకొస్తాడు? కేసు మూలన పడితే దుష్మన్లు దబాయించారు అంటారు, కదిలితే మనవాళ్లు సాజిష్ అంటారు. ఇందులో ఆయనకే ఎక్కువ నష్టం. నాకు మంత్రిపదవి మీద ఏ ఏతరాజూ లేదు. జూబ్లీహిల్స్ ఎన్నిక ముందు అది ఎందుకిచ్చారో అందరికీ తెలుసు. ఇచ్చారు, బాగానే ఉంది. ఇప్పుడు మన పిల్లల గురుకులాలున్న శాఖ ఆయన చేతిలో ఉంది. బంతుల హిసాబ్ అడగడానికి మొహమాటపడే ఖౌమ్, రేపు హాస్టల్ బియ్యం హిసాబ్ అడుగుతుందా?

అసలు రోగం ఒక్క సదర్‌ది కాదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావుకు హెచ్‌సీఏ పగ్గాలిస్తే, ఆయన తేల్చిందేమిటంటే, క్లబ్బులన్నీ కొన్ని కుటుంబాల జేబుల్లో ఉన్నాయని. 57 క్లబ్బుల ఓట్లు ఆపేశారు. ఒకవైపు సదర్‌గా ఉంటూ డెక్కన్ బ్లూస్ క్లబ్బుకూ ప్రెసిడెంట్‌గా ఉన్నారని అజహర్ పేరూ ఓటర్ల లిస్టులోంచి తీసేశారు. 2023 నవంబర్‌లో ఈడీ సోదాలు చేసిన ఇళ్లలో శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, మాజీ సదర్ జి. వినోద్ ఇళ్లున్నాయి. ఆ వినోద్ తర్వాతి నెలే మన బెల్లంపల్లి ఎమ్మెల్యే అయ్యారు. హిందువూ ముస్లిమూ, ఆటగాడూ లీడరూ, అందరూ కూర్చున్న కుర్సీలే ఇవి. ఒక్క మజహబ్ మీద సాజిష్ అయితే ఈ లిస్టు ఇట్లా ఉండదు.

మా మేనల్లుడిది ఎడమచేతి బౌలింగ్. వరికోతలయ్యాక ఊరవతల మళ్లలో మట్టి గట్టిపడితే అదే వాడి గ్రౌండు. హైదరాబాద్‌లో ఒక క్లబ్బు (పేరు రాయను) లీగ్‌లో ఆడించడానికి పైసలడిగింది. రసీదు ఇవ్వరట. మా బావ రైస్‌మిల్లు దగ్గర ట్రాలీ నడుపుతాడు. రెండు నెలలు ఆలోచించి వద్దన్నాడు. వాడి స్థానంలో ఎవరు ఆడారో నాకు తెలియదు. బంతులకైనా కుర్చీలకైనా పోయిన పైసా మావాడిలాంటి వాళ్ల కిట్టులోంచే పోయింది.

ఇక స్టాండ్ సంగతి. 2019లో, సదర్ అయిన కొద్ది నెలలకే, ఉప్పల్ నార్త్ స్టాండ్‌కు అజహర్ పేరు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో అంబుడ్స్‌మన్ దాన్ని తీసేయమన్నారు. హైకోర్టు ఆ హుక్మ్‌ను ఆపింది. మన గ్రూపుల్లో ఒకటే మాతం. నాకూ కష్టమనిపించింది. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టిన మనిషి, 99 టెస్టులాడిన మనిషి. ఆ మణికట్టు చూసి పెరిగినవాళ్లం. ఆ పేరు అక్కడ ఉండాల్సిందే. కానీ ఆయన సదర్‌గా ఉన్నప్పుడే ఆ ఠరావు ఎందుకు? ఇంకొకరి చేతుల మీదుగా జరిగుంటే ఇవాళ ఎవరికి నోరుండేది?

ఆ హోటల్ కుర్రాడితో కూర్చుని ఒక దరఖాస్తు రాశాం. మంత్రిగారు కరీంనగర్ వైపు వచ్చినరోజు ఇస్తాం. శాలువా తెచ్చేవాళ్లు తెచ్చుకోండి, మేం ఆపం. అందులో రెండే అడిగాం. ఉప్పల్ కేసుల తహ్కీఖాత్ మీ హుకూమత్ ప్రమేయం లేకుండా తొందరగా ముగించమని మీరే హైకోర్టును అడగండి. మీరు సదర్‌గా ఉన్న ఏళ్లలో కొన్న ప్రతి వస్తువు ధరా, అమ్మిన కంపెనీ పేరూ జనం ముందు పెట్టండి. ఇప్పటికి పదకొండు సంతకాలయ్యాయి. ఆ పెద్దమనిషి చదివి, మడిచి, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానన్నారు. మళ్లీ జుమాకి కళ్లద్దాలు తెస్తానన్నారు.